సిఫారసు గారికి ఒక జాజ్ శ్రోత విన్నపం

మహారాజశ్రీ సిఫారసు గారి సముఖమునకు, హైదరాబాదు చిక్కడపల్లి నుంచి ఒక జాజ్ శ్రోత నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

తమరి పలుకుబడి నాకు కొత్త కాదు. ఈ నగరంలో తిరుమల బ్రేక్ దర్శనానికైనా, పేరున్న బడిలో సీటుకైనా, పెద్దాసుపత్రిలో మంచానికైనా తమరి చేతిమీదుగానే దారి అన్న సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే పాట వినడమనే, ఎవరి సంతకమూ అక్కర్లేని పనిలోకి కూడా తమరు వేంచేశారని జాజ్ మీద మనసు పడ్డాకే నాకు తెలిసివచ్చింది. సినిమా పాటను వినమని నాకు ఎవరూ సిఫారసు చేయలేదు. అది ఆర్టీసీ బస్సులోనో, సెలూన్లోనో, పక్కింటి కిటికీలోంచో దానంతటదే వచ్చి చెవిలో పడింది. జాజ్ అలా రాదు. ఎవరో ఒకరు చెప్పాలి, ఆ చెప్పేవారు ఈ ఊళ్ళో బహు తక్కువ, కనుక బంజారాహిల్స్‌లో సాంస్కృతిక కూడలి అయిన లమకాన్‌లో చాయ్ తాగుతూ ఒకరు తగిలితే చాలు, ఆయన ద్వారా ఇంకొకరు, ఆవిడ ద్వారా మరొకరు, ఆ విధంగా నేను పూర్తిగా తమరి చేతుల్లో పడ్డాను.

తమరి తొలి ప్రసాదం ఎవరి ద్వారా అందినా ఒక్కటే: మైల్స్ డేవిస్ 1959లో చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’. తమరి ప్రతినిధుల్లో బ్యాంకులో పనిచేసి రిటైరైన పద్మారావునగర్ పెద్దాయన ఒకరు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు చేసే కుర్రాడు ఒకడు, ఇంగ్లీషు లెక్చరరు ఒకావిడ. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు గానీ ఈ ఒక్క రికార్డు విషయంలో మాత్రం ఏకగ్రీవం. పోనీ, పేరు చెప్పి వదిలేస్తారా అంటే అదీ లేదు. అది న్యూయార్కులో కొలంబియా వారి 30వ వీధి స్టూడియోలో మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో రికార్డయిందనీ, మొదటి రోజున టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడం వల్ల ఎల్పీ మొదటి వైపు ముప్పయ్యేళ్ళకు పైగా అసలు శ్రుతికన్నా పిసరంత హెచ్చుగా మోగుతూ వచ్చిందనీ, 1992లో గానీ ఆ దోషాన్ని సరిదిద్దలేదనీ పెద్దాయన నాకు అరగంట సేపు బోధించారు. ఆ అరగంటలో ఆ రికార్డు సగానికి పైగా వినేయవచ్చు. మైల్స్ ట్రంపెట్ ఎలా ఉంటుందో చెవిన పడకముందే టేపు వేగం మీద నేను ప్రసంగం చేయగల స్థితికి చేరుకున్నాను. ఇదంతా తమరి దయ.

ఇక తమరి రెండో గుణం, ఏ రికార్డునూ నేరుగా విననివ్వకపోవడం. జాన్ కోల్ట్రేన్ 1965 నాటి ‘ఎ లవ్ సుప్రీమ్’ వినాలని ఉందని నోరు జారితే, ‘అయితే చార్లీ పార్కర్‌ని విన్నారా?’ అని ప్రశ్న. పార్కర్ దగ్గరికి వెళ్ళబోతే, ‘లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925లో షికాగోలో హాట్ ఫైవ్‌తో మొదలుపెట్టిన రికార్డులు వినకుండా పార్కర్ ఏమర్థమవుతాడండీ?’ అని జాలి. ముందుకు పోదామని బయలుదేరినవాణ్ణి తమరు ఇలా వెనక్కి నడిపిస్తూ పోతే, ఏనాటికి నేను నా తరం దాకా వచ్చేది? త్యాగరాజ కీర్తన వినబోయే మనిషిని ఆపి, ముందు సామవేదం పూర్తిచేసి రమ్మని ఏ సభలోనూ ఎవరూ అనలేదు.

శాఖాభేదాలు సరేసరి. 1970లో ‘బిచెస్ బ్రూ’ వచ్చిన రోజునే జాజ్ చచ్చిపోయిందని పెద్దాయన వాదం. సరిగ్గా అప్పుడే పుట్టిందని మాదాపూర్ కుర్రాడి వాదం. ఎలక్ట్రిక్ పియానోలూ ఎలక్ట్రిక్ గిటారూ కలిపి మైల్స్ చేసిన ఆ పనిని ఒకరు తద్దినంలాగా, ఇంకొకరు బారసాలలాగా ఏటేటా తలుచుకుంటుంటారు. ఇద్దరూ తమరి ముద్ర ఉన్న ప్రతినిధులే కనుక నేను ఇద్దరికీ తలూపాను. దానితో ఇద్దరూ నన్ను తమ పక్షమని లెక్కవేసుకుని, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో లింకులు పంపడం, తెల్లవారగానే ‘విన్నారా?’ అని పరీక్ష పెట్టడం మొదలుపెట్టారు. పైగా వినడానికి నియమాలు: ఇల్లు సద్దుమణిగాక, దీపాలు ఆర్పి, ఖరీదైన హెడ్‌ఫోన్లతో, ఒంటరిగా. చిక్కడపల్లిలో ముహూర్తాల కాలంలో ఇల్లు సద్దుమణగడం అంటే ఏమిటో వారికి తెలియదు. బిల్ ఎవాన్స్ పియానో మీట మీద వేలు ఆనించిన క్షణానికి సరిగ్గా మా సందు మొగలో బరాత్ డీజే అందుకునేది.

ఈ మధ్య తమరు యంత్రాలను కూడా గుమాస్తాలుగా పెట్టుకున్నారు. వాటి తెలివి ఎంతటిదంటే, ఆర్నెట్ కోల్మన్ తనతో కలిపి ఎనిమిది మంది వాద్యకారులతో ముప్పై ఏడు నిమిషాల పాటు వాయించిన ‘ఫ్రీ జాజ్’ను చివరిదాకా విన్నవాడికి, వర్షపు చప్పుడుతో కలిపిన కాఫీ షాపు జాజ్‌ను, నిద్ర పట్టడానికని చెప్పి, వడ్డిస్తాయి. మనుషుల పక్షపాతమే నయమనిపించింది.

నన్ను ఈ అవస్థ నుంచి కొంత బయటపడేసిన వ్యక్తికి తమరితో పరిచయమే లేదు. ఆమె మా పిన్ని. వీణ నేర్పుతుంది, త్యాగరాయ గానసభలో మంచి కచేరీ ఉంటే వెళుతుంది, జాజ్ అన్న మాటను అదేదో ఎయిర్ కూలరు పేరన్నంత నిర్లిప్తంగా పలుకుతుంది. ఒక సాయంత్రం ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉండగా నేను ‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని మొదటి బాణీ ‘సో వాట్’ పెట్టాను. బాస్ ఒక మాట అడుగుతుంది, మిగతా వాద్యాలు రెండే స్వరాలతో జవాబు చెబుతాయి, అడుగుతుంది, చెబుతాయి. పిన్ని చేయి చిక్కుడుకాయలు వదిలేసి తొడ మీద ఆది తాళం అందుకుంది. కాసేపటికి, ‘ఖరహరప్రియ కదరా’ అంది. నేను కంగారుపడి ఏమీ అనలేదు. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం: ఇరవై రెండో మేళకర్త రాగం. జాజ్ వాళ్ళు డోరియన్ అంటూ ఎంతో గౌరవంగా చెప్పే ఆ స్వరక్రమం, మా పిన్ని శిష్యులకు ‘చక్కని రాజమార్గము’గా ఎప్పుడో పరిచయం.

ఎనిమిది ఆవర్తనాలు, అంటే తాళం ఎనిమిది చుట్లు, సాఫీగా గడిచాయి. తొమ్మిదో ఆవర్తనం మొదట్లో ఆమె చేయి గాలిలో ఆగిపోయింది. ‘ఒరేయ్, వీడు షడ్జం మార్చేశాడు!’ అంది, ఎవరో గుళ్ళో విగ్రహాన్ని జరిపారన్నంత కంగారుగా. నిజమే. అంతా అదే, ఆ బాణీయే అరస్వరం పైకి జరిగింది. నాలుగు ఆవర్తనాలు అక్కడే ఉండి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు పాత చోటికి దిగి, ఇంకో నాలుగు ఆవర్తనాలు వాయించి చుట్టు పూర్తిచేసింది. తంబూరా ఒకసారి శ్రుతి చేశాక కచేరీ అయ్యేదాకా ఆధార షడ్జం కదలదన్న నమ్మకంతో యాభై ఏళ్ళు గడిపిన మనిషికి అది ఎంత పెద్ద సాహసమో, ఎంత పెద్ద అపచారమో నాకు ఆమె ముఖంలో కనబడింది. ‘గమకం లేదు, గాంధారాన్ని నిటారుగా నిలబెట్టేస్తున్నాడు, కానీ దిగి రావడం మాత్రం బాగా దిగాడు’ అని తీర్పు చెప్పి, మళ్ళీ పెట్టమంది. పాల్ డెస్మండ్ కట్టిన అయిదు దెబ్బల ‘టేక్ ఫైవ్’కు ఖండచాపు వేస్తూ, ‘మనం రెండు మూడుగా వేసేదాన్ని వీడు మూడు రెండుగా విరిచాడు’ అని రెండో చుట్టులోనే పట్టేసింది.

ఇదే, అయ్యా, నా ఫిర్యాదులో అసలు భాగం. తమరి ప్రతినిధులు నాకు పేర్లు ఇచ్చారు, తేదీలు ఇచ్చారు, ఏ ముద్రణ కొనాలో చెప్పారు. చెవి ఏ చోట పెట్టాలో ఒక్కరు చెప్పలేదు. ‘తొమ్మిదో ఆవర్తనం దగ్గర జాగ్రత్తగా ఉండండి’ అని ఒక్క ముక్క అని ఉంటే పెద్దాయన టేపు యంత్రం కథను నేను సంతోషంగా రెండుసార్లు వినేవాణ్ణి.

తమరి దారి ఎంత చుట్టుదారో కూడా మనవి చేస్తాను. గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ ఇంగ్లండు నుంచి న్యూయార్కు చేరిన కొద్దిరోజులకే, 1969 ఫిబ్రవరి 18న జరిగిన ‘ఇన్ ఎ సైలెంట్ వే’ రికార్డింగుకు మైల్స్ అతన్ని పిలిచాడు. ఆ తరువాత అతనే మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టాడు, అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, రామ్‌నాడ్ రాఘవన్ మృదంగం కూర్చి ‘శక్తి’ బృందాన్ని కట్టాడు. గమకం కోసం గిటారు మెట్ల మధ్య కొయ్యను గుంటలుగా తొలిపించుకుని, వీణ తంతిని లాగినట్టు తీగను లాగాడు. పిన్ని అడిగిన గాంధారానికి ఒక ఇంగ్లీషువాడు ఇచ్చుకున్న సంజాయిషీ అది. 1997లో బృందం మళ్ళీ కూడిన తరువాత అందులో మాండలిన్ యు. శ్రీనివాస్ చేరాడు. ఊరు పాలకొల్లు, పుట్టింది 1969 ఫిబ్రవరి 28న, అంటే న్యూయార్కులో ఆ రికార్డింగు జరిగిన పది రోజులకు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసి, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయించి వచ్చిన పిల్లవాడు. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కృతులేమిటని మనవాళ్ళు కొందరు ముఖం చిట్లించారట. ‘బిచెస్ బ్రూ’ విషయంలో పద్మారావునగర్ పెద్దాయన చిట్లించింది కూడా అదే ముఖం.

పశ్చిమగోదావరి జిల్లా మాండలిన్ దగ్గరికి ఒక తెలుగువాణ్ణి చేర్చడానికి తమరు షికాగో, న్యూయార్కు, బెర్లిన్ తిప్పారు. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించారన్న మాట. తిరిగిన దారిలో కోల్ట్రేన్ కనబడ్డాడు కనుక దారిఖర్చులు అడగను.

కానీ ఒక సంగతి అడగక తప్పదు. న్యూ ఆర్లియన్స్ కాంగో స్క్వేర్‌లో ఆదివారాలు బానిసలు డప్పులు వాయించి ఆడేవారనీ, జాజ్ వేర్లు ఆఫ్రికాలో ఉన్నాయనీ తమరి ప్రతినిధులు కళ్ళు చెమర్చేలా చెబుతారు. వారే రోజూ లక్డీకాపూల్ పోతూ ఏసీ గార్డ్స్ పక్కనుంచి వెళతారు. ఆ పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డుల వల్ల వచ్చింది. అక్కడి ఆఫ్రికా సంతతి సిద్దీలూ, యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులూ ఈ నగరానికి మర్ఫా అనే ఊరేగింపు డప్పుల వాద్యం ఇచ్చారు. ఆఫ్రికా, అరేబియా, దక్కను ఒకే డప్పు మీద కలిసిన ఈ ఫ్యూజన్‌కు రికార్డు నంబరు లేదు, స్టూడియో పేరు లేదు, సరిదిద్దిన ముద్రణ లేదు. అందుకే కాబోలు, తమరి జాబితాలో ఇంతవరకు కనబడలేదు. పెళ్ళి ఊరేగింపులో అది ఎదురైతే మా మాదాపూర్ కుర్రాడు కారు అద్దాలు ఎక్కించుకుని, పశ్చిమ ఆఫ్రికా తాళాల మీద పాడ్‌కాస్ట్ పెట్టుకుంటాడు.

కాబట్టి ఈసారి బెర్లిన్ నుంచో బోస్టన్ నుంచో ఎవరైనా ఫ్యూజన్ వినడానికి హైదరాబాదులో ఏముందని తమరిని అడిగితే, దయచేసి నా పేరు చెప్పకుండా, ముహూర్తాల కాలంలో ఒక రాత్రి ఏసీ గార్డ్స్‌కు పంపించండి. ముందు ఏం విని రావాలని అడిగితే ఏమీ అక్కర్లేదని చెప్పండి. హెడ్‌ఫోన్లు ఇంట్లోనే వదిలి, చెవుల్లోకి కాస్త దూది తెచ్చుకోమనండి.

ఇట్లు,
తమరి లింకుల్లో సగం ఇంకా తెరవని,
చిక్కడపల్లి శ్రోత