ఆ ఫార్వర్డ్ నమ్మి ఫార్మాట్ కొట్టకండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. ముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, తర్వాత డిగ్రీ బ్యాచ్ గ్రూపులో. నిన్న మా బావగారు పంపారు. ఇవాళ నా కంప్యూటర్ రిపేర్ షాపు షట్టర్ ఎత్తకముందే ఒక పాత కస్టమర్ పంపి, "అన్నా, ఇది కరెక్టేనా?" అని అడిగాడు. అలా అడిగింది అతనొక్కడే. మిగతావాళ్ళు నిజమని నమ్మి పంపినవాళ్ళే.

మెసేజ్ ఇదీ: "కంప్యూటర్ ఆన్ చేయగానే మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అవుతోందా? మెకానిక్‌కి డబ్బులు దండగ. ఒకటి, అది వైరస్ పనే. రెండు, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దండి. మూడు, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ తీసి పెట్టండి. నాలుగు, ఎఫ్ 8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళండి. ఐదు, ఎస్‌ఎంపీఎస్ విప్పి దుమ్ము దులపండి. ఆరు, ఏదీ పనిచేయకపోతే సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టండి, గ్యారంటీ."

దీనివల్ల నాకు పని తగ్గదు, పెరుగుతుంది. నా బాధ డబ్బు గురించి కాదు.

వైరస్ సంగతి ముందు చూద్దాం. ఈ మాట ఒకప్పుడు నిజమే. 2003లో బ్లాస్టర్, ఆ మరుసటి ఏడాది సాసర్ అనే వార్మ్‌లు (నెట్‌వర్క్‌లో వాటంతటవే పాకే వైరస్ లాంటివి) వచ్చినప్పుడు తెర మీద 60 సెకన్ల కౌంట్‌డౌన్ పడి సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేది. కానీ అది విండోస్ అంతా లోడయ్యాక జరిగేది. లోగో దగ్గరే తిరిగి మొదటికి వచ్చే జబ్బు వేరు. 2024 జులై 19న ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు పడిపోయి, చాలావరకు ఇలాగే రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి కదా. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు. అది వైరస్ కాదు. వైరస్‌ల నుంచి కాపాడాల్సిన క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన తప్పుడు అప్‌డేట్.

బిళ్ళ బ్యాటరీ తీస్తే చాలాసార్లు టైమ్ తప్పుతుంది, అంతే. కొన్ని బోర్డుల్లో బయోస్ (విండోస్ కంటే ముందే లేచే, బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగ్‌లు మొదటికి పోయి, డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి మారి, ఉన్న సమస్య మీద ఇంకో సమస్య చేరుతుంది. కారణం తెలియకుండా దాన్ని ముట్టుకోకండి.

ర్యామ్ (మెమరీ చిప్పుల పట్టీ) విషయం మాత్రం ఒప్పుకుంటాను. చాలా ఏళ్ళు దీన్ని మోటు వైద్యమని తీసిపారేశాను. ఇవాళ నా బెంచ్ మీద కూడా ఒక తెల్ల రబ్బరు ఉంటుంది. కాంటాక్టుల మీద మసక పడితే మెల్లగా రెండుసార్లు తుడిచి, పొట్టు ఊదేసి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెడితే చాలా సిస్టమ్‌లు లేచి కూర్చుంటాయి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ముందు ప్లగ్ పీకండి, ఒంట్లోని స్టాటిక్ పోయేలా క్యాబినెట్ ఇనుము తాకండి. ఆ సంగతి మెసేజ్‌లో లేదు.

ఎఫ్ 8 విండోస్ 7తో పోయింది. విండోస్ 10, 11లో మామూలుగా అది పనిచేయదు. లోగో రాగానే పవర్ బటన్ పట్టుకుని ఆపేయండి. అలా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర దానంతటదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ లోపలికి వెళ్ళి రీస్టార్ట్ నొక్కితే అంకెల పట్టిక వస్తుంది. అక్కడ అందరూ సేఫ్ మోడ్ (అత్యవసరమైనవే లోడయ్యే విండోస్) కోసం 4 నొక్కుతారు. నేను ముందు 9 నొక్కుతాను. ఎర్రర్ వచ్చినప్పుడు దానంతటది రీస్టార్ట్ కాకుండా ఆపేది అదే. అప్పుడు క్షణంలో మాయమయ్యే ఎర్రర్ తెర నిలబడుతుంది, కింద కోడ్ కనిపిస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సగం రోగం అక్కడే రాసి ఉంటుంది.

ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, విప్పమన్నవాడి మీద నాకు నిజంగా కోపం వస్తోంది. మన ఇంటి 230 వోల్టులు అందులోకి వెళ్ళి డీసీగా మారితే లోపల ఛార్జ్ దాచుకునే పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉంటుంది, కొన్నింట్లో ఇంకా ఎక్కువే. ప్లగ్ పీకిన తర్వాత కూడా ఆ ఛార్జ్ కొంతసేపు నిలిచి ఉండొచ్చు. ఈ మెసేజ్ చదివి ఏ ఇంటర్ కుర్రాడో స్క్రూడ్రైవర్ పెడితే? రాసినవాడు ఒక్కసారైనా ఆ డబ్బా తెరిచి చూశాడా? దుమ్ము ఉంటే ప్లగ్ తీసి, బయటి జాలీ నుంచే బ్లోయర్ కొట్టండి. అనుమానం ఉంటే వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడండి. దాని మూత జోలికి మాత్రం వెళ్ళకండి.

ఇక ఆరోది, డ్రైవ్ మొత్తం చెరిపేసే ఫార్మాట్. గ్యారంటీ అట. ఏమిటి గ్యారంటీ? తప్పు హార్డ్‌వేర్‌లో ఉంటే ఫార్మాట్ ఏం చేస్తుంది? పార్టిషన్ (డిస్క్‌లో సి డ్రైవ్ ఉండే భాగం) చెరిపేయడం సెకన్ల పని. విండోస్ ఎక్కడానికి మాత్రం చాలా నిమిషాలు పడుతుంది. ఈలోగా ఆ జబ్బుతోనే సిస్టమ్ మళ్ళీ రీస్టార్ట్ అవుతుంది. అంటే పాతది పోయింది, కొత్తది రాలేదు.

పోయిన వేసవిలో ఒక రిటైర్డ్ మాస్టారు క్యాబినెట్‌ని తువ్వాలులో చుట్టి, స్కూటర్ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చారు. మనవడు ఇలాంటి మెసేజే చూసి ఫార్మాట్ కొట్టాడు. మూడుసార్లు విండోస్ ఎక్కించబోయాడు, మూడుసార్లూ మధ్యలోనే ఆగింది. నేను కీబోర్డు మీది డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్ళి ఊరికే వదిలేశాను. నాలుగు నిమిషాలకు తెర నల్లబడి మళ్ళీ మొదలైంది. బయోస్‌లో ఉండగానే పడిపోతోందంటే విండోస్‌కి దాంతో ఏ సంబంధమూ లేదు. క్యాబినెట్ ముందు చూస్తే రీసెట్ బటన్ లోపలికి దిగబడి సగంలో ఇరుక్కుపోయి ఉంది. మదర్‌బోర్డు మీద దాని రెండు పిన్నుల వైరు పీకేశాను. అంతే, గంటసేపు కదలకుండా నడిచింది. ఆ పనికి నేను డబ్బులు కూడా తీసుకోలేదు.

"మరి మా ఆవిడ ఫొటోలు?" అన్నారు మాస్టారు. ఆవిడ పోయి రెండేళ్ళయిందట. ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీది ఫోల్డర్‌లో, అంటే సి డ్రైవ్‌లోనే ఉన్నాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రాత్రంతా నడిపాను. సగం కూడా రాలేదు. వచ్చినవాటిలో కొన్నింటికి పైభాగమే ఉంది. కుంకుమ బొట్టు, కళ్ళు, ఆ కిందంతా బూడిద రంగు. మూడుసార్లు విండోస్ ఎక్కించబోయినప్పుడు వాటి మీద కొత్త ఫైళ్ళు పడ్డాయి.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దని నేననను, నేనూ కొడతాను. కానీ ముందు బయోస్‌లో పావుగంట వదిలి చూడండి. తర్వాత డిస్క్ తీసి, కన్వర్టర్ కేబుల్‌తో ఇంకో సిస్టమ్‌కి తగిలించి మీ ఫైళ్ళు కాపీ చేసుకోండి. తీయడం రాకపోతే ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినా ఫైళ్ళు కనిపిస్తాయి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల కీ అడుగుతుంది, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతకండి. డిస్క్ టిక్ టిక్‌మంటుంటే మాత్రం ఏమీ చేయకుండా ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

నిన్న రాత్రి బావగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మెసేజ్ పంపిన ప్రతి గ్రూపులో డిలీట్ చేస్తానన్నారు.

మాస్టారి పాత హార్డ్ డిస్క్ నా సొరుగులోనే ఉంది. ఇంకేదైనా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే మళ్ళీ ఒకసారి చూడమని చెప్పి వదిలి వెళ్ళారు.