విచారణ పూర్తయిందట, వివక్ష లేనే లేదట

మా ఆఫీసు హెచ్‌ఆర్ వాళ్లు పంపిన మెయిల్ ఇప్పుడే చదివాను. నాకొచ్చింది కాదు, బిడ్డ పుట్టాక రేటింగు కోశారని ఫిర్యాదు చేసిన మా టీమ్‌లో అమ్మాయికి వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టేసి వాష్‌రూమ్‌కి వెళ్లిపోయింది పాపం. "మీ ఫిర్యాదును క్షుణ్ణంగా పరిశీలించాం, వివక్ష జరిగినట్టు ఆధారాలు లభించలేదు, కేసు ముగిస్తున్నాం." కింద ఒక లింకు. విచారణ ఎలా జరిగిందో అయిదు నక్షత్రాలకు ఎన్నిస్తారో చెప్పాలట! మేమేమన్నా బిర్యానీ ఆర్డర్ పెట్టామా?

ఈ అమ్మాయికి కాన్పుకి ముందు, ఏటా పనిని బట్టి ఇచ్చే రేటింగులు వరుసగా మంచివే. మెటర్నిటీ లీవు అయిపోయి వచ్చాక అట్టడుగు రేటింగు. ఎందుకండీ అని అడిగితే మేనేజర్ గారు, "ఆరు నెలలు ప్రాజెక్టులో లేవు కదమ్మా, నీ ఇంపాక్ట్ అని ఏం చూపించమంటావు" అన్నారు. ఆ ఆరు నెలలూ ఆవిడ గోవా వెళ్లి కూర్చుందా? 2017లో మెటర్నిటీ చట్టాన్ని సవరించి 12 వారాల లీవుని 26 వారాలు చేసింది పార్లమెంటు. లీవులో ఉన్న మనిషిని ఉద్యోగంలోంచి తియ్యకూడదని, సర్వీసు షరతులు ఆమెకు నష్టం కలిగేలా మార్చకూడదని కూడా ఆ చట్టంలోనే రాశారు. రేటింగు అన్న మాట మాత్రం లేదు కదా, అదీ వీళ్ల ధైర్యం. లీవు నవ్వుతూ ఇస్తారు, పూలగుత్తి కూడా పంపిస్తారు, తర్వాత హైక్‌లో వడ్డీతో వసూలు చేసుకుంటారు.

ఇక ఆ "క్షుణ్ణంగా" జరిగిన విచారణ సంగతి. విచారించిన హెచ్‌ఆర్ మేడమ్ రోజూ ఆ మేనేజర్‌తోనే లంచ్ చేస్తుంది. ముందు ఆయన్ని పిలిచి మీరు వివక్ష చూపించారా అని అడిగారు, ఆయన లేదండీ అన్నారు. అంతే, సగం విచారణ అయిపోయింది. మిగతా సగం నేను. సాక్షిగా పిలిచి "మీరు కళ్లారా చూశారా?" అని అడిగారు. ఏం చూడాలి నేను? బిడ్డని కన్నందుకు నీ రేటింగు కోస్తున్నాను అని ఆయన మైకులో ప్రకటిస్తాడా? నిజంగా తెలుసుకోవాలని ఉంటే గత కొన్నేళ్లలో మెటర్నిటీ లీవు నుంచి తిరిగొచ్చిన వాళ్లందరి రేటింగులు, ముందువి తర్వాతవి, పక్కపక్కన పెట్టి చూడాలి. రేటింగులు ఖరారు చేసిన మీటింగులో ఎవరేమన్నారో నోట్సు తియ్యాలి. ఆమె పనిచేసిన నెలల్లో ఏం చేసిందో, అవే నెలల్లో పక్కవాళ్లు ఏం చేశారో చూడాలి. ఎక్సెల్ తెరిస్తే తేలిపోయే పని. ఆ మాటే నేనంటే "ఆ డేటా కాన్ఫిడెన్షియల్ అండీ" అంది. ఓహో. మరి నేను లోపల ఏం చెప్పానో సాయంత్రం టీ టైముకల్లా మేనేజర్‌కి ఎలా చేరిందో! "ఏంటమ్మా, మా మీద సాక్ష్యాలా" అని నవ్వుతూ అడిగారు. ఆ నవ్వు చూసి నా అప్రైజల్ గుర్తొచ్చి టెన్షన్ మొదలైంది, అబద్ధమెందుకు.

లైంగిక వేధింపుల ఫిర్యాదులకైతే కనీసం 2013 చట్టం ఉంది. 10 మంది పనిచేసే చోటైనా కమిటీ ఉండాలి, అందులో సగం మందైనా ఆడవాళ్లు ఉండాలి, కంపెనీకి సంబంధం లేని బయటి మనిషి ఒకరుండాలి, 90 రోజుల్లో విచారణ తేల్చాలి. అది కూడా ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే గ్రామ కార్యకర్త మీద జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత, విశాఖ అనే మహిళా సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో విశాఖ మార్గదర్శకాలు ఇస్తే, అవి చట్టం కావడానికి ఇంకో 16 ఏళ్లు పట్టింది. అమలు ఎంత దివ్యంగా ఉందో మీకూ తెలుసు. కానీ కనీసం గడువంటూ ఉంది, బయటి మనిషంటూ ఉన్నారు. ప్రమోషన్‌లో తొక్కేస్తే, కులం చూసి పక్కన పెడితే, బిడ్డ పుట్టిందని రేటింగు కోస్తే? రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటు కంపెనీల్లో అన్ని రకాల వివక్షనీ పట్టుకునే ఒక్క చట్టం మన దేశంలో లేదు. చేతికి అందేదల్లా కంపెనీ వాళ్లు రాసుకున్న పాలసీ పీడీఎఫ్. ఫిర్యాదు తీసుకునేదీ వాళ్లే, విచారించేదీ వాళ్లే, తీర్పిచ్చేదీ వాళ్లే, ఆ మేనేజర్‌కి బోనస్ ఇచ్చేదీ వాళ్లే.

మార్చి 8కి మాత్రం లోటు రానివ్వరు. అందరూ పర్పుల్ చీరలు కట్టుకు రావాలి, లాబీలో సెల్ఫీ బూత్, ఒక గులాబీ, ఒక కప్‌కేక్. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని చట్టం చెప్తుంటే మా క్రెష్ ఏమో కొండాపూర్‌లో ఎక్కడో టై-అప్. మధ్యాహ్నం గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అక్కడికెళ్లి పాలిచ్చి రావాలట. మదర్స్ రూమ్‌లో పాత మానిటర్లు పెట్టారు.

అన్నిటికన్నా మండింది ఎక్కడంటే, చివర్లో ఆ మేడమ్ "మనమంతా ఒక ఫ్యామిలీ కదా, ఇవన్నీ పెద్దవి చేసుకోకూడదు" అంది. ఎవరి ఫ్యామిలీ మేడమ్? నేను చేరిన రోజు ఇదే ఫ్లోర్‌లో ఒక సీనియర్ గారు కాఫీ తాగుతూ మీదే ఊరమ్మా అన్నారు, ఇంటిపేరేంటి అన్నారు, అదీ సరిపోక గొంతు తగ్గించి "మీరేమిట్లు?" అన్నారు, అంటే ఏ కులమని. చెప్పాను. ఆ తర్వాత వాళ్ల వీకెండ్ ఫామ్‌హౌస్ పార్టీలకు ఒక్కసారి పిలిస్తే ఒట్టు. ఆన్‌సైట్‌కి , అంటే విదేశీ క్లయింటు దగ్గర పనికి, ఎవరు వెళ్లాలో ఆ పార్టీల్లోనే తేలిపోయేది. దీన్ని ఏ ఫారంలో నింపాలి, ఏ ఆధారం జత చెయ్యాలి?

అమెరికాలో ఇవేవీ ఉండవు అనే బావగార్లకి ఒక మాట. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగమే కులవివక్ష అంటూ సిస్కో అనే టెక్ కంపెనీ మీద దావా వేసింది. ఉద్యోగి కంపెనీలో ఫిర్యాదు చేస్తే కులవివక్ష చట్టవిరుద్ధం కాదన్నారని ఆ దావాలోనే రాశారు. ఆరోపణే అనుకోండి, కంపెనీ కాదంది, 2023లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు వెనక్కి తీసుకున్నారు కూడా. అదే ఏడాది సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించింది, కాలిఫోర్నియాలో అలాంటి బిల్లుని మాత్రం గవర్నర్ ఇప్పుడున్న చట్టాలు చాలంటూ వీటో చేశారు. సరిపోతాయట! అడిగితే మా హెచ్‌ఆర్ కూడా ఇదే చెప్తుంది, మా పాలసీ సరిపోతుందని.

కామెంట్లలోకి వచ్చి "రెండో వైపు కూడా వినాలి కదా" అనే పెద్దమనుషులు దయచేసి ఆగండి. విచారణంతా ఆ రెండో వైపే విన్నారు. "అంత ఇబ్బందైతే ఉద్యోగం మారిపోవచ్చుగా" అనేవాళ్లని మాత్రం సరాసరి బ్లాక్ చేస్తాను. చేతిలో తొమ్మిది నెలల పిల్ల, నెత్తిన హోమ్ లోను, అట్టడుగు రేటింగు లెటరు. వీటితో ఇంటర్వ్యూకి ఎక్కడికెళ్లమంటారో అదైనా చెప్పి వెళ్లండి.