‘తే’ పోగొట్టుకున్న అంచనాలు

2014 సెప్టెంబర్‌లో, పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చెలరేగుతున్న రోజుల్లో, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఒక అంచనా విడుదల చేసింది. లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో 2015 జనవరి 20 నాటికి కేసులు 14 లక్షలకు చేరొచ్చన్నది అందులోని పెద్ద అంకె. అదే హెడ్‌లైన్లకెక్కింది. చివరికి జరిగింది వేరు. గినీని కూడా కలుపుకుని మూడు దేశాల్లో వ్యాధి ముగిసేసరికి లెక్కకొచ్చిన కేసులు సుమారు 28,600. మరణాలు 11,300కు పైనే. 14 లక్షలెక్కడ, 28 వేలెక్కడ! లెక్కలు తప్పాయని, జనాన్ని ఊరికే భయపెట్టారని అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఆ నివేదికలో నిజంగా ఏముందో చూద్దాం. పరిస్థితి ఇలాగే సాగితే, అదనంగా ఏ చర్యా తీసుకోకపోతే, అప్పుడు అన్ని కేసులు. రోగుల్లో 70 శాతం మందిని చికిత్సా కేంద్రాల్లోనో, వ్యాధి ఇతరులకు అంటకుండా చూసే చోట్లలోనో ఉంచగలిగితే వ్యాధి తగ్గుముఖం పట్టి ముగింపుకొస్తుందన్న లెక్క కూడా అదే నివేదికలో ఉంది. ఇంకో విషయం: మోడల్ నుంచి, అంటే వ్యాధి ఎలా పాకుతుందో లెక్కకట్టే గణిత నమూనా నుంచి, నేరుగా వచ్చిన అంకె 5.5 లక్షలు. చాలా కేసులు రికార్డుల్లోకి ఎక్కడం లేదన్న ఉద్దేశంతో దాన్ని 2.5తో హెచ్చించారు. అలా దాదాపు 14 లక్షలయింది. ఆ రెండున్నర ఎక్కడిదంటే, చికిత్సా కేంద్రాల్లో నిజంగా నిండిన పడకలను మోడల్ చెప్పిన పడకలతో పోల్చి కట్టిన మరో అంచనా. అంటే అంచనా మీద అంచనా. ఆ సంగతి నివేదికలో దాచలేదు. హెడ్‌లైన్‌లో మాత్రం దానికి చోటు దొరకలేదు.

వస్తే, చేస్తే, ఆపితే, ఊరుకుంటే. ఇలాంటి మాటలను తెలుగు వ్యాకరణం చేదర్థకం అంటుంది. ఏ గణాంక మోడలైనా, లోపల ఎంత గణితం ఉన్నా, చివరికి చెప్పేది ఒక చేదర్థక వాక్యమే. ఇది ఇలా ఉంటే, అది అలా మారితే, ఫలితం ఈ మేరకు ఉండొచ్చు. శాస్త్రవేత్త రాసినప్పుడు ‘తే’ ఉంటుంది. అధికారి ప్రెస్‌మీట్‌లో చదివేటప్పటికి అది సగం మాయమవుతుంది. టీవీ స్క్రోలింగ్‌లోకి వచ్చేసరికి ‘చేరొచ్చు’ కాస్తా ‘చేరతాయి’ అవుతుంది. మోడళ్ల వల్ల జరిగే నష్టంలో ఎక్కువ భాగం గణితంలో కాదు, ఈ ప్రయాణంలోనే జరుగుతోందని నా గట్టి నమ్మకం.

2020 మార్చిలోనూ ఇదే చూశాం. కోవిడ్‌తో బ్రిటన్‌లో 5,10,000, అమెరికాలో 22 లక్షల మరణాలు సంభవించొచ్చని లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం చెప్పింది. ప్రభుత్వాలు ఏమీ చేయకపోతే, జనం కూడా తమ అలవాట్లు మార్చుకోకపోతే అన్నది అక్కడి షరతు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ అంకెను జోస్యంలా పట్టుకుని తిట్టినవాళ్లలో ఎంతమంది ఆ షరతు చదివారు?

అలాగని షరతు పెట్టినంత మాత్రాన మోడల్ చేసినవాళ్ల బాధ్యత తీరిపోదు. ఆ షరతు లోకంలో జరగడానికి వీలున్నదేనా అన్నది కూడా వాళ్లే చెప్పాలి. పక్కింట్లో మనిషి పోతే ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. కలవడం మానేస్తారు, అంత్యక్రియల పద్ధతి మార్చుకుంటారు. లైబీరియాలో జరిగింది అదే. చికిత్సా కేంద్రాలు, సురక్షిత ఖననాలు ఒక పక్క, జనం తమంతట తాము మార్చుకున్న అలవాట్లు ఇంకో పక్క పనిచేశాయి. వానకు వాతావరణ సూచనతో పని లేదు, పడాలనుకుంటే పడుతుంది. మనుషులు అలా కాదు, సూచన విని మారతారు. ఆర్థిక శాస్త్రంలో ఇదే మాటను రాబర్ట్ లూకాస్ 1976లో గట్టిగా చెప్పాడు. విధానం మారితే జనం నడవడికా మారుతుంది కాబట్టి, పాత డేటాలో కనిపించిన సంబంధాలు కొత్త విధానంలోనూ అలాగే ఉంటాయనుకోవద్దన్నాడు.

ఇంతకీ ఈ అంకెలు ఎందుకంత ఊగిసలాడతాయి? కాగితం మీద చిన్న లెక్క వేసి చూడండి. ఒక రోగి నుంచి సగటున ఇద్దరికి సోకుతుందనుకుందాం. ఒక్కరితో మొదలైతే పదో విడతలో కొత్తగా సోకేవాళ్లు 1,024 మంది. ఇద్దరికి బదులు రెండున్నర మందికి సోకితే? అదే పదో విడతలో 9,500 దాటుతుంది. ఒకటిన్నర అయితే 58 దగ్గర ఆగుతుంది. మొదట్లో అర మనిషి తేడా, చివర్లో 58కీ వెయ్యికీ తొమ్మిదిన్నర వేలకూ మధ్య తేడా. వ్యాధి కొత్తగా వచ్చిన వారాల్లో ఆ సంఖ్య రెండా, రెండున్నరా అని తేల్చడానికి సరిపడా డేటా ఎవరి దగ్గరా ఉండదు. అలాంటి సమయంలో ఒకే ఒక్క అంకె చెప్పేవాళ్లను నమ్మడం కష్టం. ఇంత నుంచి ఇంత వరకు అని చెప్పేవాళ్లే నిజాయితీగా మాట్లాడుతున్నట్టు. అది చేతగానితనంలా వినిపిస్తుందని మంత్రులకూ యాంకర్లకూ టెన్షన్. అందుకే మధ్య అంకె ఒక్కటే పట్టుకుంటారు.

ఇదే లెక్కకు ఆశ పుట్టించే ముఖం కూడా ఉంది. ఒకరి నుంచి సోకేవాళ్ల సంఖ్య ఒకటి కంటే తగ్గితే చాలు, వ్యాధి దానంతటదే చల్లారుతుంది. మలేరియా విషయంలో దీన్ని ముందుగా పట్టుకున్నవాడు రొనాల్డ్ రాస్. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది ఈయనే. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. అన్నిటినీ చంపక్కర్లేదు, వాటి సంఖ్యను ఒక గీత కిందికి తెస్తే చాలని రాస్ గణితంతో చూపించాడు. సూక్ష్మదర్శినిలో దోమ కనిపిస్తుంది గానీ ఆ గీత కనిపించదు. దాన్ని చూపించగలిగింది మోడలే. మోడళ్లను ఎగతాళి చేసేవాళ్లతో నేను ఎప్పటికీ కలవలేనిది ఇక్కడే.

ఇంకా వెనక్కి వెళ్తే, ఈ చర్చలో అసలు ముడి ఏమిటో 1760లోనే బయటపడింది. ఆరోగ్యవంతుడి ఒంట్లోకి మశూచి రసిని కొద్దిగా ఎక్కించి రక్షణ కల్పించే పద్ధతి యూరప్‌లో అప్పటికే ఉంది. దానివల్ల కొందరు చనిపోయేవారు కూడా. గణిత శాస్త్రవేత్త డేనియల్ బెర్నౌలీ లెక్క వేశాడు. మశూచే లేకుండా పోతే పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం 26 ఏళ్ల 7 నెలల నుంచి 29 ఏళ్ల 9 నెలలకు పెరుగుతుంది. రసి ఎక్కించుకున్నవాళ్లలో 200 మందికి ఒకరు పోయినా మొత్తం మీద లాభమే. కాబట్టి అందరూ వేయించుకోవాలన్నాడు. దాలంబేర్ అడ్డు తగిలాడు. ఆయనా గణితజ్ఞుడే. నువ్వు చెప్పే మూడేళ్లు జీవితం చివర్లో వచ్చి కలుస్తాయి, చావు ప్రమాదం మాత్రం ఈ నెలలోనే ఉంది, ఈ రెంటినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తావన్నది ఆయన అభ్యంతరం.

బెర్నౌలీ లెక్క సరైనదే. దాలంబేర్ ప్రశ్నా సరైనదే. రాజ్యం చూసేది సగటు. తల్లి చూసేది తన బిడ్డను. సగటు మెరుగుపడుతుందని తేల్చడం వరకే మోడల్ పని. ఆ సగటు కోసం ఎవరు ఎంత ప్రమాదం మోయాలన్నది లెక్కతో తేలదు, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలి. టీకాలు, లాక్‌డౌన్లు, సబ్సిడీ కోతల విషయంలో ‘సైన్స్ చెప్పింది’ అనే ఒక్క మాటతో ఈ రెండో పనిని దాటేయడం చూస్తే నాకు బాధేస్తుంది.

మోడల్ దేన్ని కొలుస్తోందన్నది మరో చిక్కు. మనకు కావలసింది సాధారణంగా నేరుగా దొరకదు. దానికి దగ్గరగా ఉందనిపించిన ఇంకోదాన్ని కొలుస్తాం. ఒబర్‌మేయర్ బృందం 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన దీనికి మంచి ఉదాహరణ. ఏ రోగులకు అదనపు శ్రద్ధ అవసరమో చెప్పడానికి అమెరికాలో ఒక అల్గారిథం విస్తృతంగా వాడుకలో ఉండేది. జబ్బు తీవ్రతను నేరుగా కొలవడం కష్టం కాబట్టి, రాబోయే వైద్య ఖర్చును అంచనా కట్టి, ఖర్చు ఎక్కువైతే అవసరం ఎక్కువని తీసుకున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ నల్లజాతి రోగులు ఆస్పత్రి మెట్లెక్కడమే కష్టం కాబట్టి, జబ్బు అంతే ఉన్నా వాళ్ల మీద ఖర్చు తక్కువ. దాంతో జబ్బు కూడా తక్కువేనని అల్గారిథం తేల్చేసింది. ఆ లోపాన్ని సరిచేస్తే అదనపు సేవలు అందాల్సిన నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు చూపించారు. రోగి జాతి ఏమిటన్నది ఆ మోడల్‌కు ఇవ్వనే లేదు. గణితంలోనూ పొరపాటు లేదు. ‘అవసరం’ ఉండాల్సిన గడిలో ‘ఖర్చు’ అని రాయడంతోనే అంతా అయిపోయింది.

అసలు కొలతే లేని చోట్ల సంగతి ఇంకా బరువైనది. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వల్ల నేరుగానూ పరోక్షంగానూ ప్రపంచంలో 1.49 కోట్ల అదనపు మరణాలు జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా ఇచ్చింది. దేశాలు అధికారికంగా చెప్పిన కోవిడ్ మరణాలు సుమారు 54 లక్షలు. పద్ధతి తేలికగానే అర్థమవుతుంది: మామూలు ఏడాదిలో ఎంతమంది పోతారో పాత లెక్కల నుంచి అంచనా కట్టి, జరిగిన మొత్తం మరణాల్లోంచి దాన్ని తీసేయడం. మరణాలన్నీ నమోదయ్యే దేశాల్లో ఇది దాదాపు కూడికలూ తీసివేతలే. చాలా దేశాల్లో నెలవారీ మరణాల లెక్కే పూర్తిగా ఉండదు. అక్కడ ఇతర దేశాల తీరును బట్టి మోడల్ ఖాళీలు నింపాలి. అందుకే ఆ సంస్థ 1.33 కోట్ల నుంచి 1.66 కోట్ల దాకా అని విశాలమైన హద్దులు పెట్టింది. చావు కూడా రికార్డుకెక్కని మనుషుల బతుకుల గురించే మోడల్‌కు అన్నిటికంటే తక్కువ తెలుసు, వాళ్ల గురించే అది అన్నిటికంటే ఎక్కువ ఊహించాలి. మోడళ్ల మీద పెట్టే ఖర్చులో కొంతైనా జనన మరణాల నమోదు మీద పెడితే, ఎంత తెలివైన సూత్రమూ ఇవ్వలేని ఫలితం వస్తుంది.

చివరిగా, ఒక ఎక్సెల్ షీట్ గురించి చెప్పాలి. అమెరికా ఆర్థికవేత్తలు కెనెత్ రోగాఫ్, కార్మెన్ రైన్‌హార్ట్ 2010లో ఒక పత్రం రాశారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన సంపన్న దేశాల్లో సగటు వృద్ధి రేటు మైనస్ 0.1 శాతానికి పడిపోయిందని అందులో ఉంది. 2008 సంక్షోభం తర్వాత ఖర్చులు కోయాలా వద్దా అని ప్రభుత్వాలు తర్జనభర్జన పడుతున్న కాలమది. అమెరికాలో ప్రతినిధుల సభ సభ్యుడు పాల్ రాయన్ బడ్జెట్ పత్రం, యూరోపియన్ కమిషన్‌లో ఆర్థిక వ్యవహారాలు చూసిన కమిషనర్ ఓలీ రేన్ వాదనలు ఆ 90 శాతాన్ని ఆసరా చేసుకున్నాయి.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి క్లాసు పనిగా ఆ ఫలితాన్ని తిరిగి రాబట్టాలని చూశాడు. ఎంత చేసినా రాలేదు. రచయితలను అడిగితే తమ షీట్ పంపారు. సగటు తీసిన గడిలో సూత్రం 30వ వరుస నుంచి 44 దాకా ఉంది. దేశాలు మాత్రం 49వ వరుస దాకా ఉన్నాయి. ఐదు దేశాలు లెక్కలోంచి జారిపోయాయి: ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్. అంతకంటే పెద్ద సమస్య సగటు తీసిన తీరులో ఉంది. న్యూజిలాండ్‌కు 90 శాతం దాటిన కోవలో లెక్కలోకి తీసుకున్నది 1951 ఒక్క ఏడాదే, వృద్ధి మైనస్ 7.6 శాతం. బ్రిటన్‌కు 19 ఏళ్లు, సగటున 2.4 శాతం. ఆ ఒక్క ఏడాదికీ ఈ 19 ఏళ్లకూ సమాన బరువు ఇచ్చారు. కొన్ని దేశాల కొన్నేళ్ల డేటా కూడా చేర్చలేదు. ఇవన్నీ సరిచేస్తే మైనస్ 0.1 కాస్తా 2.2 శాతం అయింది. షీట్‌లో పొరపాటు జరిగిందని రచయితలు ఒప్పుకున్నారు. అప్పు ఎక్కువైనచోట వృద్ధి తక్కువన్న వాదనకు మాత్రం కట్టుబడి ఉన్నామన్నారు. 90 దాటగానే వృద్ధి కుప్పకూలుతుందన్న గీత అయితే చెరిగిపోయింది.

హెర్న్‌డన్, ఆయన ప్రొఫెసర్ల పత్రం వచ్చింది 2013 ఏప్రిల్‌లో. మధ్యలో మూడేళ్లు. కోతల మీద నిర్ణయాలు జరిగినవి ఆ మూడేళ్లలోనే. పింఛన్ల మీదా ఆస్పత్రుల మీదా ప్రభావం చూపే ఏ అంకెనైనా ప్రకటించిన రోజే, దాని వెనకున్న షీట్, కోడ్, ముందుగా ఏమేం అనుకున్నారో చెప్పే జాబితా ఎవరైనా తెరిచి చూసేలా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టాలని నేను అడుగుతున్నది అందుకే. ఆ షీట్ 2010లోనే బయట ఉండి ఉంటే, 44 దగ్గర ఆగిపోయిన సూత్రాన్ని ఏదో ఒక క్లాసులో ఎవరో ఒక విద్యార్థి ఆ ఏడాదే పట్టుకునేవాడు.