పాదపీఠం మీద చిత్రకారుడి సంతకం

మొఘల్ సూక్ష్మచిత్రాల మాటెత్తితే ముందు నోటికొచ్చేవి పాదుషాల పేర్లే. ‘అక్బర్ కాలపు చిత్రం’, ‘జహంగీర్ శైలి’ అంటాం. ఖర్చు పెట్టింది వాళ్లే, కాదనను. మరి కుంచె పట్టిందెవరు? పేర్లు దొరకవనే సాకు ఇక్కడ చెల్లదు. చాలా బొమ్మల అంచునే అవి రాసి ఉన్నాయి.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అక్బర్‌నామా (అక్బర్ పాలనా చరిత్ర) ప్రతినే చూడండి. అందులో యమున మీది పడవల వంతెన బొమ్మ ఒకటుంది. హవాయీ అనే మదపుటేనుగు మీద అక్బర్, దాని ముందు పరుగు తీస్తున్న మరో ఏనుగు. ఆ బరువుకు పడవలు కుంగిపోతుంటే జనం చెల్లాచెదురవుతున్నారు. గీత బసావన్‌ది, రంగులు ఛతర్‌వి. ఇదే ప్రతిలో కొన్ని పుటలకు మూడో పేరు కూడా ఉంటుంది: ముఖాలు మాత్రమే వేసినవాడిది. మన సినిమా టైటిల్స్ లాంటిదే అనుకోండి. ఇదంతా కళాకారుడి మీద గౌరవంతోనే రాశారని నేననుకోను. వారం వారం పనిని పాదుషాకు చూపించేవారని, దాన్ని బట్టే బహుమానాలు, జీతం పెంపు ఉండేవని అక్బర్ ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. అంటే జీతాల లెక్క కూడా కలిసొచ్చి ఉంటుంది. కారణమేదైనా, పల్లకీ మోసేవాడి కొడుకైన చిత్రకారుడు దస్వంత్ పేరు మనదాకా వచ్చింది.

పహాడీ కొండల్లో, అంటే నేటి హిమాచల్, జమ్ము వైపు సంస్థానాల్లో, ఈ వెసులుబాటు తక్కువ. అక్కడి బొమ్మల మీద సంతకాలు అరుదు. అందుకే కళాచరిత్రకారుడు బి.ఎన్. గోస్వామి హరిద్వార్ పండాల (తీర్థ పురోహితుల) బహీలు తిరగేశారు. యాత్రికులు తమ వంశవివరాలు రాయించుకునే పుస్తకాలవి. గులేర్ సంస్థానానికి చెందిన చిత్రకారుడు పండిత్ సేవు, అతని కొడుకులు మనకు, నైన్‌సుఖ్‌ల కుటుంబం అలా కుదురుగా బయటపడింది. అప్పటిదాకా సంస్థానాల పేర్లతో విడదీసిన శైలిని కుటుంబాల వారీగా చూడాలన్నది ఆయన వాదన. నాకది సబబుగానే తోస్తుంది. రాజు సరిహద్దు దాటలేడేమో గానీ చిత్రకారుడు దాటతాడు.

ఇక జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు బిచిత్ర్. ఇసుక గడియారం మీద కూర్చున్న జహంగీర్ ఒక సూఫీకి పుస్తకం అందిస్తున్న బొమ్మ అతనిది. సంతకం పాదపీఠం మీద పెట్టాడు. పాదుషా ఆసనం ఎక్కాలంటే ఆ పేరు మీదే కాలు మోపాలి. చాలామంది దీన్ని వినయమంటారు. కానీ ఎడమవైపు వరుస చూడండి: సూఫీ, తర్వాత ఒట్టోమన్ సుల్తాన్, ఆ కింద ఇంగ్లండ్ రాజు జేమ్స్, అట్టడుగున చేతిలో చిన్న బొమ్మతో ఒక మనిషి. అది బిచిత్రేనని చాలామంది పరిశోధకుల మాట. అంత వినయమున్నవాడు రాజుల వరుసలోకి ఎందుకొచ్చినట్టు?