కేస్ షీట్‌లో వస్తువు పేరు కూడా ఉండాలి

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో ఈ వార్త తప్పడం లేదు. బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి, నీళ్లు కాగాయో లేదో చూద్దామని చెయ్యి పెట్టిన మనిషి షాక్ కొట్టి అక్కడికక్కడే చనిపోతారు. పోలీసులు ప్రమాదవశాత్తు మృతి అని కేసు రాసుకుంటారు. ఆ రాడ్ ఎవరు తయారు చేశారు, దాని మీద ఐఎస్ఐ గుర్తు ఉందా, ఏ షాపులో కొన్నారు అన్నదాకా విచారణ వెళ్లడం అరుదు. మర్నాడు అదే రకం రాడ్ ఇంకో ఇంటికి చేరుతుంది.

కోఠి ఫుట్‌పాత్‌ల మీద అమ్మే చవక రాడ్ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు, సన్నటి వైరు, వేలితో కదిపితే ఊగే ప్లాస్టిక్ పిడి. నీళ్లు ఎంత వరకు ఉండాలో చెప్పే గీత కూడా ఉండదు. ఈ రాడ్లకు, అంటే ఇమ్మర్షన్ హీటర్లకు, ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2003లో!

చట్టాలకు కొదవ లేదు. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్)కు 2016 చట్టం ఉంది. 2021 నుంచి బొమ్మలు, ప్రెషర్ కుక్కర్లు, హెల్మెట్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ప్రమాదకరమైన సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించే అధికారాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. గుర్తు లేని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు 2022లో ఆ సంస్థ పెద్ద ఆన్‌లైన్ సంస్థలకు జరిమానా వేసింది కూడా.

లోటల్లా ఒకటే. ఏ వస్తువు వల్ల ఎంతమంది దెబ్బతింటున్నారో మన దగ్గర లెక్క లేదు. కరెంటు షాక్‌తో పోయినవారి సంఖ్యను జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇస్తుంది. అందులో హీటర్ రాడ్ వల్ల ఎందరు, ఇస్త్రీపెట్టె వల్ల ఎందరు అన్నది ఉండదు. చేతులు కాలి, చూపు పోయి బతికి బయటపడ్డవాళ్లు ఏ లెక్కలోకీ రారు. తనిఖీ అధికారికి ఎక్కడ వెతకాలో ఎలా తెలుస్తుంది?

అమెరికా ఈ పనిని 1970లలోనే మొదలుపెట్టింది. దేశమంతటికీ ప్రాతినిధ్యం ఉండేలా ఎంచుకున్న దాదాపు 100 ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో, గాయంతో పాటు దానికి కారణమైన వస్తువును కూడా నమోదు చేస్తారు. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బటన్ బ్యాటరీల సంగతి చూడండి. పసివాడు మింగితే, అన్నవాహికలో ఇరుక్కున్న ఆ బిళ్ల రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చేయగలదు. పిల్లాడు దగ్గుతాడు, చొంగ కారుస్తాడు, ముద్ద మింగడు. తల్లి జలుబేమో అనుకుంటుంది. ఇలాంటి కేసుల లెక్క ఏళ్ల తరబడి చేతిలో ఉంది కాబట్టే, బ్యాటరీ మూత పిల్లలకు ఊడిరాకుండా ఉండాలని 2022లో అక్కడ ప్రత్యేక చట్టం చేయగలిగారు. నిలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రిలో ఏడాదికి ఎన్ని బ్యాటరీలు బయటికి తీస్తున్నారో బేగంబజార్‌లో బొమ్మలమ్మే వ్యాపారికీ తెలియాలి, కొనే తల్లిదండ్రులకూ తెలియాలి.

మన ప్రభుత్వాలు కదలవని కాదు. 2022లో దేశంలో ఎలక్ట్రిక్ స్కూటర్లు వరసగా తగలబడ్డాయి. ఆ సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటలు పైనున్న లాడ్జికి పాకి 8 మంది చనిపోయారు. బ్యాటరీ పరీక్షల నిబంధనలను కేంద్రం ఆ ఏడాదే కఠినం చేసింది. ఆ మంటలు దేశమంతా టీవీల్లో చూసింది. ఒక్కో ఇంట్లో ఒక్కొక్కరిని పొట్టనబెట్టుకునే రాడ్‌కు ఆ హడావుడి ఉండదు. అందుకే దానికి లెక్క మరీ అవసరం.

ఒక దేశంలో ప్రమాదకరమని తేలిన సరుకు, తనిఖీ బలహీనంగా ఉన్న మరో దేశానికి మళ్లడం పాత సమస్యే. అలా జరగకుండా చూడాలని ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి విభాగం అంక్టాడ్ వేదికగా 2020లోనే సభ్య దేశాలు సిఫార్సు చేశాయి. ఐరోపా సంఘం తాను పట్టుకున్న వస్తువుల వివరాలను అందరికీ కనిపించేలా ప్రకటిస్తోంది. మన కస్టమ్స్ అధికారులు ఆ జాబితాలను ముందు పెట్టుకుని పనిచేయాలి.

చిన్న తయారీదారుల బాధా నిజమే. పరీక్షల ఖర్చు వాళ్లకు తలకు మించిన భారం. నిర్మల్, కొండపల్లి వంటి భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇవ్వడం సబబే. పాలిమర్లు, ఫైబర్ల వంటి ముడిసరుకుపై పెట్టిన కొన్ని నాణ్యతా ఉత్తర్వులను 2025 నవంబర్‌లో వెనక్కి తీసుకోవడాన్నీ తప్పుపట్టం. అలా మిగిలిన సిబ్బందిని, సమయాన్ని ప్రాణం తీసే వస్తువుల మీద పెట్టాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఉస్మానియా, గాంధీ, నిలోఫర్ క్యాజువాలిటీల్లో కేస్ షీట్‌కు మూడు ప్రశ్నలు చేర్చాలి: ఏ వస్తువు, ఐఎస్ఐ గుర్తు ఉందా, ఎక్కడ కొన్నారు? మనిషి చనిపోయిన కేసుల్లో పోలీసులు ఆ వస్తువును బీఐఎస్‌కు పరీక్షకు పంపాలి. వైద్య ఆరోగ్య శాఖ ఆ వివరాలను నెలనెలా పౌర సరఫరాల శాఖకు ఇచ్చి, రోగుల పేర్లు లేకుండా ప్రజల ముందూ పెట్టాలి. హీటర్ రాడ్ల అమ్మకాలు ఊపందుకునే నవంబర్ లోపే ఈ సర్క్యులర్ రావాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం.