పాల్‌కి ఈల వేశాం సరే, చానీ మాటేమిటి?

అరాకిస్ అనే ఎడారి గ్రహంలో ఫ్రెమెన్ జాతి జనం పాల్ అనే ప్రభువు కొడుకుని తమ రక్షకుడని నమ్మే కథ డ్యూన్. ఆ సినిమా రెండో భాగం 2024 మార్చిలో వచ్చింది. మూడోది 2026 డిసెంబర్ 18న అని ప్రకటించారు. ఈ మధ్యకాలంలో మన సంఘంలో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే చాలు, చేతిలో పులిహోర ప్లేటు ఉండగానే పంచాయితీ మొదలు. పాల్ ప్రేయసి చానీని ఎందుకలా మార్చారు? అతని చెల్లెలు అలియా ఏమైపోయింది? వాళ్లింటి సలహాదారు థూఫిర్ హవాట్‌ని ఎక్కడ వదిలేశారు? ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నాటి నవలను ముందు పెట్టుకుని, సీను సీనుకీ టిక్కు పెడుతూ దర్శకుడు డెనీ విల్నెవ్‌కి మార్కులు వేస్తుంటారు. నా పేచీ ఆ మార్కులతో కాదు, వాళ్లు వేస్తున్న లెక్కతోనే.

సీన్ల లెక్కే ముఖ్యమైతే 1984లో డేవిడ్ లించ్ తీసిన సినిమాని నెత్తిన పెట్టుకోవాలి. పుస్తకంలో పాత్రలు మనసులో అనుకునే మాటల్ని ఆయన గుసగుసలుగా వినిపించాడు. జనానికి ఎక్కడ అర్థం కాదోనని అమెరికా థియేటర్లలో కథలోని పదాలకు అర్థాలు అచ్చేసి పంచారు కూడా. టికెట్ కొంటే నిఘంటువు ఉచితం. ఇంత చేసి, చివర్లో పాల్ చేత అరాకిస్ మీద వాన కురిపించాడు! నవల చదివినవాళ్లకు తెలుసు, అక్కడి ఇసుక పురుగులకు నీళ్లంటే విషం. పురుగులు పోతే వాటివల్ల పుట్టే స్పైస్ అనే మత్తుపదార్థం ఉండదు, స్పైస్ లేకపోతే గ్రహాల మధ్య రాకపోకలు ఉండవు, సామ్రాజ్యం అక్కడితో సరి. ఆ ఒక్క వానకి కథంతా కొట్టుకుపోయింది. హెర్బర్ట్ ఆ సినిమాని చాలావరకు మెచ్చుకున్నాడు గానీ, ఇక్కడ మాత్రం ఒప్పుకోలేదు. పాల్ దేవుడి వేషం కట్టిన మనిషే తప్ప వాన కురిపించే దేవుడు కాడన్నది ఆయన అభ్యంతరం.

హెర్బర్ట్ బాధ అక్కడే ఉంది. జనం ఒక మనిషిని నెత్తికెక్కించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఆయన ఈ కథ రాశాడు. పాఠకులేమో పాల్‌ని నెత్తికెక్కించుకున్నారు. దాంతో 1969లో డ్యూన్ మెసయ్య (మెసయ్య అంటే రక్షకుడు) అనే రెండో నవల రాసి, ఆ వీరుడి గద్దె కింద ఏముందో తవ్వి చూపించాడు. మొదటి కథను అనలాగ్ పత్రికలో ధారావాహికగా వేసుకున్న సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ రెండోదాన్ని వద్దన్నాడు. ఆయనకు హీరో హీరోలాగే ఉండాలి. మన నిర్మాతల్లో ఆ మాట అనని వాడెవడు లెండి.

విల్నెవ్ ఇది తెలిసే చానీని మార్చాడు. పుస్తకంలో చానీ పాల్‌ని ఎన్నడూ శంకించదు. అతను రాజకీయం కోసం చక్రవర్తి కూతుర్ని పెళ్లాడబోతుంటే, చరిత్ర మనల్నే భార్యలంటుందిలే అని పాల్ తల్లి జెస్సికా ఆమెను ఓదారుస్తుంది, నవల అక్కడ ముగుస్తుంది. సినిమాలో అందరూ మోకరిల్లుతుంటే ఆమె మోకరిల్లదు. బయటికి నడిచి, ఒంటరిగా ఎడారిలోకి వెళ్లిపోతుంది. పుస్తకం నుంచి ఇంతకంటే పెద్ద ఫిరాయింపు ఈ సినిమాలో లేదు. హెర్బర్ట్ చెప్పదలచుకున్నదానికి ఇంతకంటే దగ్గరగా వచ్చిన చోటు కూడా లేదని నేనంటాను. 1965లో పాఠకుడికి అందకుండా పోయిన హెచ్చరికకు ఇప్పుడు ఒక మనిషి రూపం వచ్చింది.

అయినా అందిందా అంటే, నాకు అనుమానమే. మా ఊరి ఐమాక్స్‌లో చూశాను. పాల్ మొదటిసారి ఇసుక పురుగెక్కినప్పుడు ఈలలు పడ్డాయి, పడాల్సిందే, అలాంటి సీను అది. తర్వాత ఆ గ్రహపు దక్షిణాదిన వేలమంది ముందు నిలబడి, తానే వాళ్లు ఎదురుచూస్తున్నవాణ్నని గర్జిస్తాడు. కింద హాన్స్ జిమ్మర్ బీజీఎం. మన భాషలో చెప్పాలంటే పక్కా ఎలివేషన్. అప్పటిదాకా ఆ దారిలో వెళితే కోట్లమంది చస్తారని తనే భయపడి, దక్షిణానికి రానని మొండికేసినవాడు వీడే. అది మరిచిపోయి మా వరసలో ఇద్దరు కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. పక్కనున్న అమ్మాయి, కాలేజీ పిల్ల, బయటికొచ్చాక నన్ను ఆపి, "అంకుల్, అది హ్యాపీ ఎండింగ్ అనుకుంటున్నారా వీళ్లు?" అంది. ఏం చెప్పను?

ఫ్రెమెన్ నాయకుడు స్టిల్గర్‌ని చూసి అందరూ నవ్వారు. నేను మెసయ్యను కాదు మొర్రో అని పాల్ అంటే, చూశారా, అలా చెప్పుకోలేనంత వినయం, కాబట్టి ఆయనే అంటాడు స్టిల్గర్. ఈ తర్కం మనకు కొత్తా? పాలాభిషేకాలు వద్దని హీరో వేడుకుంటే, అందుకే మా అన్న దేవుడు అని ఇంకో రెండు బిందెలు పోసే జాతి మనది. అవునన్నా దేవుడే, కాదన్నా దేవుడే.

పంచాయితీలో తరచూ వినపడే ఇంకో ఫిర్యాదు కాలం గురించి. నవలలో కథ మధ్య రెండేళ్లకు పైగా గడుస్తాయి. అలియా పుట్టి, నడక నేర్చి, తమ కుటుంబ శత్రువు బ్యారన్‌ని తన చేత్తోనే చంపుతుంది. సినిమా అయిపోయేసరికి ఆమె ఇంకా జెస్సికా కడుపులోనే ఉంటుంది. అంటే తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ఎక్కడి నుంచో ఊడిపడ్డవాణ్ని ఇంత తొందరగా ఒక జాతి నమ్మేస్తుందా అని వీళ్ల ప్రశ్న. ఎవరైనా అడగొచ్చు గానీ, తెలుగువాళ్లు అడిగితే ఎలా? 1982 మార్చి 29న పార్టీ పెట్టిన రామారావు గారు 1983 జనవరిలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. లెక్కపెట్టుకోండి. ఆ తొమ్మిది నెలల వెనక పాతికేళ్ల పునాది ఉంది. 1957లో మాయాబజార్ చూసినవాళ్లకు కృష్ణుడంటే ఆ ముఖమే. అది ఇంటింటి క్యాలెండర్లోకీ ఎక్కింది. అరాకిస్‌లో ఆ పునాది వేసింది బెనె జెసెరిట్ అనే రహస్య సంఘపు స్త్రీలు. ఎప్పుడో అవసరం పడుతుందని తరాల ముందే రక్షకుడి పురాణాన్ని అక్కడ నాటి వెళ్లారు. మన దగ్గర ఎవరూ కుట్ర చేయలేదు, అంతే తేడా. ఇక్కడ ఆపుతాను, ఈ పత్రిక చదివేవాళ్లలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు.

అన్నట్టు, మాయాబజార్‌లోని శశిరేఖ పెళ్లి వ్యాసభారతంలో ఎక్కడా లేదు. పాండవుల ఇంటి కథ తీస్తూ పాండవుల్లో ఒక్కణ్నీ తెరమీదకు తేలేదు కేవీ రెడ్డి గారు. పుస్తకంలో లేదని ఎవరైనా ఆయన్ని నిలదీశారా?

విల్నెవ్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. నాకూ ఒక ఫిర్యాదుంది, అయితే అది అలియా గురించి కాదు, తువ్వాళ్ల గురించి. నవలలో పాల్ వాళ్ల అట్రెయిడీస్ ఇంట ఒక విందు జరుగుతుంది. భోజనాల గది గుమ్మం దగ్గర నీళ్ల పళ్లేలు పెట్టి ఉంటాయి. వచ్చిన అతిథి చేతులు ముంచి, కాసిని నీళ్లు నేలమీద ఒలకబోసి, తువ్వాలుతో తుడుచుకుని, దాన్ని ఆ మడుగులోనే పారేసి లోపలికి పోవాలి. నీళ్లు లేని గ్రహంలో పెద్దింటి దర్జా అది. విందయ్యాక ఆ తువ్వాళ్లు పిండిన నీళ్ల కోసం బిచ్చగాళ్లు గుమ్మం బయట కాచుకుంటారు. పాల్ తండ్రి లీటో ప్రభువు ఇది మాన్పించి, విందు సాగినంతసేపూ అడిగినవాళ్లకు తలా కప్పు మంచినీళ్లు ఇమ్మంటాడు. పనిమనిషి ముఖం మాడ్చుకుంటుంది. కాళ్ల కింద నలిగిన ఆ తువ్వాళ్ల నీళ్లు అమ్ముకుని నాలుగు రాళ్లు వెనకేద్దామనుకుందని ఆయనకు అప్పుడు అర్థమవుతుంది.

అనంతపురం వైపు ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఈ పేజీ వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. సినిమాలో ఈ విందు లేదు. ఖర్జూర చెట్లను మాత్రం ఉంచారు: ఒక్కో చెట్టు రోజుకు అయిదుగురి నీళ్లు తాగుతుంది, ఇరవై చెట్లంటే వందమంది ప్రాణాలు. పుస్తకంలో డాక్టర్ యూయే జెస్సికాకు చెప్పే ఈ లెక్కను సినిమాలో తోటమాలి పాల్‌కి చెబుతాడు. మంచి మార్పే. కానీ చెట్టు నీళ్లు తాగడం వేరు, మనిషి మనిషికి నీళ్లు అమ్మడం వేరు. ఆ రెండోది పోయేసరికి ఎడారి కంటికి అందంగా మిగిలింది, గొంతు మాత్రం ఎండలేదు. మొదటి భాగం ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చిందంటే కాదనను.

ఇంకొకటి మన పంచాయితీలో ఎవరూ ఎత్తరు. ఎడారి జోర్డాన్‌లోని వాదీ రమ్‌ది, అబుదాబీది. ఫ్రెమెన్ మాటల్లో సగం అరబ్బు వాసన. ముఖ్యమైన ఫ్రెమెన్ పాత్రల్లో మాత్రం అరబ్ నటులు దాదాపు లేరు. అమెరికా టీవీలో మన యాసను వెక్కిరిస్తే ఊరుకోని మనం దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తున్నాం.

ఇక మూడో భాగం. మెసయ్య చదవనివాళ్లు ఈ పేరా వదిలేయండి. ఆ నవలలో పాల్ తన యుద్ధాల లెక్క తనే చెబుతాడు: తక్కువలో తక్కువ 6,100 కోట్లమందిని చంపాను, తొంభై గ్రహాలను గొడ్డుపోగొట్టాను అని. పక్కన నిలబడి వింటున్నది ఎవరో కాదు, స్టిల్గర్. కథలో యుద్ధాలు చాలావరకు అయిపోయాయి, మిగిలింది ఈ లెక్కా, దాన్ని మోస్తున్న మనిషీ. భారీ బడ్జెట్ సినిమాలో ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చుని ఈ అంకెలు మాట్లాడుకునే సీను ఉంచుతారా, లేక దాని బదులు ఇంకో యుద్ధం పెడతారా అన్నదే నా ప్రశ్న. చానీ తిరిగొస్తుందా, పిల్లలెలా పుడతారు అన్న చర్చ ఎంతైనా చేసుకోండి. నేను మాత్రం ఆ అంకె కోసమే టికెట్ కొంటాను.