పోలియో కాలికి గడువు తేదీ ఏమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. డాక్టర్లు పరీక్షించి వైకల్యం ఎంతో రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటేనే ఆ డబ్బు. 39 వేస్తే ఒక్క రూపాయీ రాదు!

శాతం అందరూ చూస్తారు. ఆ సర్టిఫికెట్ శాశ్వతమా, తాత్కాలికమా అన్నది మాత్రం చదివి చెప్పే నాథుడు ఉండడు. తాత్కాలికమైతే గడువు తీరేలోపే గ్రామ, వార్డు సచివాలయంలోనో మీసేవలోనో మళ్లీ పరీక్షకు స్లాట్ పట్టాలి. ఆధార్‌తో పాటు పాత రిపోర్టులన్నీ, వినికిడి లోపమైతే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) కూడా పట్టుకెళ్లాలి. చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడిన కాలు ఈ ఏడాది కొత్తగా బాగుపడుతుందా? మార్పు రాని వైకల్యానికి శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వడానికేం అడ్డు?

ఇదంతా దాటినా కరెంటు మీటరు కాచుకుని ఉంటుంది. పింఛను రావాలంటే ఇంటి కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. ఎవరిదో మీటరు మన ఆధార్‌కు తగిలించి ఉంటే అనర్హులమే. తప్పు వాళ్లది, తిరుగుడు మనది. ఆ కనెక్షన్ మనది కాదని విద్యుత్ ఆఫీసులో రాయించుకుని సచివాలయంలో ఇచ్చి, రసీదు అడిగి తీసుకోవాలి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఆ మెట్లన్నీ ఎలా ఎక్కుతాడో ఎవరైనా ఆలోచించారా?